గేములు దేశానికో తేదీన ఎందుకొస్తాయి? మా తమ్ముడూ నేనూ ఒకే రాత్రి మొదలుపెట్టాలంటే?

నెల్లూరు_రవి (మారతహళ్లి) | శుక్రవారం రాత్రి 11:20

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా అడగాలనుకుంటున్న సంగతి ఇది.

మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు, నేను ఇక్కడ బెంగళూరులో. చిన్నప్పుడు నెల్లూరులో మా ఇద్దరికీ కలిపి ఒక్కటే పీఎస్2 (టీవీకి తగిలించే సోనీ గేమ్ మిషను, ఇలాంటివాటినే కన్సోల్ అంటారు). ఒకడు ఆడుతుంటే రెండోవాడు పక్కన కూర్చుని దారి చెప్పేవాడు. ఇప్పుడు ఎవడి మిషను వాడికుంది. అయినా కొత్త గేమ్ వస్తే ఇద్దరం ఒకే రోజు మొదలుపెట్టి ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఆడాలని నా ఆశ. అదే కుదరట్లేదు.

పీఎస్5 వాళ్లకి 2020 నవంబర్ 12న వచ్చింది. మనకి 2021 ఫిబ్రవరి 2న. మధ్యలో 82 రోజులు. ఆ 82 రోజులూ వాడు ఫోన్ చేసినప్పుడల్లా గేమ్ సంగతి ఎత్తకుండా మాట్లాడేవాడు, కథ ఎక్కడ తెలిసిపోతుందోనని. 'బాగుందిరా' అని ఆపేసేవాడు. వాడు నా కోసం నోరు కట్టుకున్నాడే అన్నదే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

2022లో ఎల్డెన్ రింగ్ వచ్చినప్పుడు ఇంకో రకం. మా రూమ్మేట్ కన్సోల్‌లో ఫిబ్రవరి 25 అర్ధరాత్రి 12 కాగానే తెరుచుకుంది. పక్క గదిలో నా పీసీలో మాత్రం తెల్లవారుజామున 4:30కి. ఒకే ఇల్లు, ఒకే వైఫై, ఒకే గేమ్.

డబ్బాలు ఓడల్లో రావాల్సిన కాలం పోయింది కదా. మరి ఈ తేదీలూ టైములూ ఎవరు పెడతారు, ఎందుకలా పెడతారు? తెలిసినవాళ్లు చెప్పండి.


సౌజన్య_వైట్‌ఫీల్డ్ | శుక్రవారం రాత్రి 11:52

రవి గారూ, నేను గేముల భాష టెస్టింగ్‌లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. ముందు 4:30 సంగతి చెప్తాను, అది తేలిక.

పీసీ స్టోర్లలో సాధారణంగా ప్రపంచమంతటికీ ఒకటే క్షణం పెడతారు. ఎల్డెన్ రింగ్‌కి గ్రీనిచ్ టైం ప్రకారం ఫిబ్రవరి 24 రాత్రి 11. మనం అయిదున్నర గంటలు ముందుంటాం కాబట్టి ఇక్కడ 4:30. అదే క్షణంలో డల్లాస్‌లో సాయంత్రం 5. కన్సోల్ స్టోర్లు చాలాసార్లు ఏ దేశపు అర్ధరాత్రికి ఆ దేశంలో తెరుస్తాయి. అందుకే మీ రూమ్మేట్‌కి ముందొచ్చింది.

ఒకటే క్షణం అన్నప్పుడు అది ఎవరి గడియారం అన్నది చూడండి. సైబర్‌పంక్ 2077 పీసీలో గ్రీనిచ్ అర్ధరాత్రికి పెట్టారు, మనకి 2020 డిసెంబర్ 10 ఉదయం 5:30. బ్లాక్ మిత్: వుకాంగ్ బీజింగ్‌లో పొద్దున 10కి పెట్టారు, మనకి 7:30. బాల్డర్స్ గేట్ 3 మనకి 2023 ఆగస్టు 3 రాత్రి 8:30కి వచ్చింది, గేమ్ తయారైన బెల్జియంలో అప్పుడు సాయంత్రం 5. విడుదలైన మొదటి గంటల్లోనే సర్వర్లు పడిపోవడం, కొన్నవాళ్లకి తెరుచుకోకపోవడం జరుగుతుంది. అప్పుడు సరిచేసేవాళ్లు మెలకువగా ఉండాలి. టైం పెట్టేటప్పుడు అదీ చూసుకుంటారు.

82 రోజుల సంగతి వేరే. అది పెద్ద కథ, రేపు రాస్తాను.


అనంతపురం_అబ్బాయి (బీటీఎం లేఅవుట్) | శనివారం ఉదయం 8:05

అన్నా, అర్ధరాత్రి పద్ధతి ఉన్న గేములకి న్యూజిలాండ్ కిటుకు ఉంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎక్స్‌బాక్స్ కన్సోల్‌లో దేశం న్యూజిలాండ్ అని మార్చుకుంటే వాళ్ల అర్ధరాత్రికే తెరుచుకుంటుంది. మన చలికాలంలో వాళ్లు మనకన్నా ఏడున్నర గంటలు ముందుంటారు, అంటే సాయంత్రం 4:30కే మొదలుపెట్టొచ్చు. మీ తమ్ముడు కూడా అట్లే మార్చుకుంటే ఇద్దరికీ ఒకటే టైం. ప్రపంచమంతటికీ ఒకే క్షణం పెట్టిన గేములకి మాత్రం ఇది పనిచేయదు.


పార్క్‌టౌన్_బాబాయ్ (చెన్నై) | శనివారం ఉదయం 10:40

రవీ, 82 రోజులకే ఇంత బాధపడితే పాత లెక్కలు విను.

సూపర్ మారియో బ్రదర్స్ 3 జపాన్‌లో 1988 అక్టోబర్‌లో వచ్చింది. అమెరికాకి 1990 ఫిబ్రవరిలో, యూరప్‌కి 1991 ఆగస్టులో. ఒకే కేసెట్ ప్రపంచం చుట్టి రావడానికి దాదాపు మూడేళ్లు పట్టింది. పోకెమాన్ మొదటి గేములు జపాన్‌లో 1996 ఫిబ్రవరి 27, అమెరికాలో 1998 సెప్టెంబర్ 28. అప్పట్లో కేసెట్ అంటే లోపల చిప్పు. ఎన్ని అమ్ముడుపోతాయో ముందే అంచనా కట్టి, చిప్పులు ఆర్డరిచ్చి, నెలల తరబడి కాచుకోవాలి. 1988లో ఆ చిప్పులకే కరువొచ్చింది. లెక్క తప్పితే సరుకు గోడౌన్లో మిగిలిపోతుంది. అందుకే ముందు సొంత దేశంలో అమ్మి, ఆ డబ్బూ ధైర్యమూ వచ్చాక పక్క దేశానికి వెళ్లేవాళ్లు.

ఇంకో కారణం టీవీ. జపాన్, అమెరికా టీవీలు ఎన్టీఎస్సీ: 525 గీతలు, సెకనుకి 60 సార్లు. యూరప్‌లో ఎక్కువ దేశాలవీ, మనవీ పీఏఎల్: 625 గీతలు, సెకనుకి 50 సార్లు. 60 లెక్కన రాసిన గేమ్‌ని ఏ మార్పూ లేకుండా 50 మీద నడిపితే నెమ్మదిస్తుంది. నిమిషం పట్టాల్సిన పరుగు 72 సెకన్లు పడుతుంది. పాట కూడా ఈడ్చుకుంటూ వస్తుంది. బొమ్మకి పైనా కిందా నల్ల పట్టీలు. యూరప్ పిల్లలు ఏళ్ల తరబడి సోనిక్ గేమ్‌ని అట్లా నెమ్మదిగా ఆడారు, అదే అసలు వేగం అనుకున్నారు.

నేను 90ల్లో బర్మా బజార్ నుంచి ఎన్టీఎస్సీ మిషను తెచ్చి మా పాత కలర్ టీవీకి తగిలిస్తే బొమ్మ నలుపు తెలుపులో వచ్చింది. పైగా కిందనుంచి పైకి దొర్లుతూ ఉండేది. టీవీ వెనక ఒక చిన్న మర ఉండేది, దాన్ని సన్నని స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పితే బొమ్మ నిలబడేది. రంగు మాత్రం రాలేదు. పచ్చటి కొండలూ మారియో ఎర్ర టోపీ బూడిద రంగులోనే చూశాను. ఆ గేమ్‌ని రంగుల్లో చూడ్డానికి నాకు మూడేళ్లు పట్టింది.

ఎవరూ అడగకపోయినా ఒక ముక్క చెప్పాలి. డ్రాగన్ క్వెస్ట్ 3 జపాన్‌లో 1988 ఫిబ్రవరి 10న వచ్చింది, బుధవారం. పిల్లలు బడి ఎగ్గొట్టి కొట్ల ముందు వరస కట్టారు. ఆ తర్వాత ఆ వరస గేముల్ని సెలవు రోజున విడుదల చేయడం అలవాటైంది. చట్టమే చేశారని నెట్‌లో రాస్తుంటారు, చట్టమేమీ లేదు. పదకొండోది 2017 జులై 29న వచ్చింది, శనివారమే. తేదీ అంటే వ్యాపారం లెక్క ఒక్కటే కాదు, పిల్లల బడి దాకా పోతుంది.


నెల్లూరు_రవి | శనివారం మధ్యాహ్నం 12:15

బాబాయ్, మీ నలుపు తెలుపు కథ చదివాక నాదీ ఒకటి గుర్తొచ్చింది.

2005 వేసవి. మా మేనమామ అమెరికా నుంచి వస్తూ గాడ్ ఆఫ్ వార్ ఒరిజినల్ డిస్క్ తెచ్చాడు. అక్కడ మార్చి 22న విడుదలైంది, మా చేతికి ఏప్రిల్‌లో వచ్చింది. ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. స్నానాలు చేసి, తలుపేసుకుని, తమ్ముడు రెండు చేతులతో డిస్క్ అంచులు పట్టుకుని ట్రేలో పెట్టాడు. కాసేపు తిరిగింది. తర్వాత స్క్రీనంతా ఎర్రబడి, పీఎస్2 డిస్క్ పెట్టండి అని ఇంగ్లీషులో ఒక లైను. తీసి తుడిచాం. మళ్లీ పెట్టాం. మళ్లీ ఎరుపే. మధ్యాహ్నం దాకా అదే పని. వాడు ఏడ్చాడు. అప్పుడు వాడికి పదకొండేళ్లు.

బజార్లో ఒకాయన మిషను విప్పి, ఆ డిస్క్ నడిచేలా చిప్పు వేస్తానన్నాడు. నాన్న ఒప్పుకోలేదు, ఉన్నదీ పాడవుతుందని. ఆ డిస్క్ ఆ గేమ్ ఎన్నడూ చూపించకుండానే ఇంట్లో ఉండిపోయింది.


పార్క్‌టౌన్_బాబాయ్ | శనివారం మధ్యాహ్నం 12:50

డిస్క్ తప్పు కాదు, మీ తప్పూ కాదు అబ్బాయ్. మీది పీఏఎల్ మిషను, అది అమెరికా డిస్క్. ఒక ప్రాంతపు డిస్క్ ఇంకో ప్రాంతపు మిషన్లో నడవకుండా రెంటికీ మధ్య తాళం ఉంటుంది. ఈ తాళం తేదీలకి కవల పిల్లలాంటిది. ఆ గేమ్ యూరప్‌లో 2005 జులై 8న వచ్చింది. తాళం లేకపోతే ఆ మూడున్నర నెలల్లో అమెరికా డిస్కులు సముద్రాలు దాటి వచ్చేస్తాయి. అప్పుడు యూరప్‌లో పంపిణీ హక్కులు కొన్నవాడు దేన్ని అమ్ముకుంటాడు? దేశానికో ధర, దేశానికో పంపిణీదారు ఉన్నంతకాలం తాళం కావాల్సి వచ్చింది. పీఎస్3 వచ్చేసరికి గేములకి దాదాపు తీసేశారు. నింటెండో వాళ్లు 2017లో స్విచ్‌తో తీశారు.

ఆ డిస్క్ ఇప్పుడుందా?


హోసూరు_భాను | శనివారం మధ్యాహ్నం 3:30

అందరూ ఆలస్యాన్ని తప్పు పడుతున్నారు. నేను ఒప్పుకోను.

ఫైనల్ ఫాంటసీ 7 జపాన్‌లో 1997 జనవరి 31న వచ్చింది, అమెరికాలో సెప్టెంబర్ 7న. ఆ ఏడు నెలల్లో గేమ్‌కి కొత్త సంగతులు చేర్చారు. ఎంత బాగున్నాయంటే, అవన్నీ కలిపి 'ఇంటర్నేషనల్' అని పేరు పెట్టి అక్టోబర్‌లో మళ్లీ జపాన్‌లో అమ్మారు. ఆగినవాళ్లకే మంచి గేమ్ దొరికింది.

ఇప్పుడేమో ప్రపంచమంతా ఒకే రోజు కావాలంటారు. సైబర్‌పంక్ అట్లాగే వచ్చింది. వారం తిరిగేసరికి సోనీ తన స్టోర్‌లోంచి తీసేసింది, మళ్లీ పెట్టింది 2021 జూన్‌లో. ఒకే రోజు వస్తే లోపాలు కూడా అందరి నెత్తినా ఒకే రోజు పడతాయి. ముందు ఒక దేశంలో వచ్చి ఉంటే మిగతావాళ్లకైనా బాగుచేసిన గేమ్ అందేది.


చిత్తూరు_లత | శనివారం మధ్యాహ్నం 3:58

భాను గారూ, ఆ మొదటి దేశంలో పూర్తి ధర పెట్టి కొన్నవాళ్ల సంగతేంటండీ? వాళ్లేం పాపం చేశారు? ఆడేవాళ్లని పరీక్షకి వాడుకోవడం ఏ దేశంలోనైనా తప్పే.

ఆగితే మంచిదే దక్కుతుందన్న నమ్మకం కూడా లేదు. కింగ్‌డమ్ హార్ట్స్ బాగుచేసిన 'ఫైనల్ మిక్స్' 2002లో జపాన్‌లో మాత్రమే వచ్చింది. బయటివాళ్లకి అందింది 2013లో. క్రోనో ట్రిగ్గర్ 1995 గేమ్, యూరప్‌కి 2009లో చేరింది. మదర్ 3 వచ్చింది 2006లో, ఇంగ్లీషులో అధికారికంగా ఈరోజుకీ లేదు. అభిమానులే కూర్చుని 2008లో మొత్తం అనువాదం చేసి ఉచితంగా పెట్టారు. నేను ఆడింది అదే. ఆ కథ చివర్లో నాకు కళ్లనీళ్లు ఆగలేదు. వాళ్లు ఆ పని చేయకపోతే ఆ కథ నా దాకా వచ్చేదే కాదు.


హోసూరు_భాను | శనివారం సాయంత్రం 4:20

లత గారూ, మొదట కొన్నవాళ్ల గురించి మీరన్నది నిజం. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ తయారుకాని గేమ్‌ని తేదీ కోసం బయటికి నెట్టొద్దు అన్నదాన్ని మాత్రం వదలను. అవసరమైతే అందరికీ కలిపి వెనక్కి జరపండి.


సౌజన్య_వైట్‌ఫీల్డ్ | శనివారం రాత్రి 9:35

ఇప్పుడు పెద్ద కథ. భాను గారి చివరి మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మా పని అంతా అక్కడే ఉంటుంది.

పాత పద్ధతిలో జపాన్ గేమ్ పూర్తయి అక్కడ విడుదలయ్యాక అనువాదం మొదలయ్యేది. పెర్సోనా 5 జపాన్‌లో 2016 సెప్టెంబర్ 15, బయట 2017 ఏప్రిల్ 4. డ్రాగన్ క్వెస్ట్ 11 తేడా ఏడాది పైనే. ఇప్పుడు గేమ్ రాస్తుండగానే అనువాదమూ నడుస్తుంది. పెర్సోనా 3 రీలోడ్ 2024 ఫిబ్రవరి 2న అన్నిచోట్లా ఒకేసారి వచ్చింది. చూడ్డానికి ఒక తేదీ మారినట్టే ఉంటుంది, కానీ దాని కోసం పని చేసే క్రమమంతా తిరగేయాల్సి వచ్చింది. రచయిత ఒక మాట మార్చితే పది భాషల్లో మారాలి. మారిన మాటకి గొంతు ఇచ్చినవాళ్లు మళ్లీ స్టూడియోకి రావాలి.

అనువాదం వచ్చాక మా దగ్గరికి వస్తుంది. జర్మన్‌లో మాటలు పొడుగు, బటన్ దాటి బయటికి పోతాయి. ప్రతి స్క్రీన్ ఫోటో తీసి, ఎన్ని అక్షరాలు తెగాయో రాసి పంపుతాం. సరిచేసి పంపుతారు, మళ్లీ చూస్తాం. ఇది కాక కన్సోల్ కంపెనీ పరీక్ష, ఏ దేశానికి ఆ దేశపు రేటింగ్ బోర్డు (గేమ్ ఏ వయసువాళ్లకి తగునో చెప్పేది). ఆస్ట్రేలియాలో 2013 జనవరి 1 దాకా గేములకి పెద్దల రేటింగే లేదు. పదిహేనేళ్ల పిల్లలకి తగదు అనిపిస్తే అమ్మడానికే వీల్లేదు. జర్మనీ కోసం 1998లో హాఫ్ లైఫ్‌లో సైనికుల్ని రోబోలుగా మార్చారు. ఇట్లాంటి మార్పు ఒక్కటున్నా ఆ దేశానికి వేరే గేమ్ తయారుచేసినట్టే, దానికి మళ్లీ పరీక్ష.

మన భాష సంగతి కూడా చెప్పాలి. ఒకసారి ఒక చిన్న గేమ్‌కి తెలుగు పెట్టి చూద్దామని మా బృందంలో ప్రయత్నించాం. పాత్ర పేరు లక్ష్మి. స్క్రీన్ మీద ల, తర్వాత క, పొల్లు విడిగా, ష, మళ్లీ పొల్లు, మ, గుడి ఒక్కటే గాల్లో. వత్తులు కిందికి చేరాలని గేమ్‌ని నడిపే ఆ సాఫ్ట్‌వేర్‌కి, అంటే ఇంజిన్‌కి, తెలియదు. ఇంగ్లీషులా అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతుంది. ఆ స్క్రీన్ చూసి నేను చాలాసేపు ఏం మాట్లాడలేదు. మా అమ్మ పేరది. అక్షరాల్ని కలిపి కూర్చే వేరే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ పెట్టాక కుదిరింది, పొల్లు పోయి వత్తు సరిగ్గా కింద కూర్చుంది. చేస్తే అయ్యే పనే అని అప్పుడు తెలిసింది. కోట్లమంది మాట్లాడే భాషకి ఆ పని ముందే చేసి ఉంచాలని నేను గట్టిగా నమ్ముతాను.

రవి గారూ, మీ 82 రోజులకి కారణం అనువాదం కాదు. మిషను ఒక వస్తువు. ఏ దేశంలో ఎప్పుడన్నది అక్కడి దిగుమతి నిబంధనల మీద కూడా ఆధారపడుతుందని తేదీలు ప్రకటించినప్పుడే చెప్పారు. కానీ అదే నెలలో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ ప్రపంచంతో పాటే నవంబర్ 10న ఇక్కడికొచ్చింది. కాబట్టి అసాధ్యం మాత్రం కాదు. అంతకుముందు 2013లో ఇది తిరగబడి ఉంది: పీఎస్4 అమెరికా తర్వాత రెండు నెలల్లోపే 2014 జనవరి 6న వస్తే, ఎక్స్‌బాక్స్ వన్‌కి 2014 సెప్టెంబర్ 23 దాకా, అంటే పది నెలలు ఆగాం. మనల్ని మొదటి వరసలో పెట్టాలా వద్దా అన్నది ప్రతిసారీ ఎవరో కూర్చుని తీసుకునే నిర్ణయం.


కిరణ్_ఇందిరానగర్ | ఆదివారం ఉదయం 7:15

సౌజన్య అక్కా, 'ఎవరో కూర్చుని తీసుకునే నిర్ణయం' అన్నారే, అది ఫోన్ గేముల్లో ఇంకా ఎక్కువ. సాఫ్ట్ లాంచ్ అని ముందు కెనడా, న్యూజిలాండ్ లాంటి జనం తక్కువున్న దేశాల్లో వదిలి, సర్వర్ ఆగుతుందా, జనం ఎన్ని రోజులు ఆడుతున్నారు అని చూసి మిగతా ప్రపంచానికి ఇస్తారు.

పోకెమాన్ గో 2016 జులై 6న అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లో వచ్చింది. మనకి అధికారికంగా డిసెంబర్ 14న, జియోతో కలిసి. కానీ జులైలోనే మేమంతా బయటినుంచి ఫైలు దింపుకుని ఫోన్లలో వేసుకున్నాం. ఒక ఆదివారం కబ్బన్ పార్కులో వాన తగ్గాక వెళ్తే, బ్యాండ్ స్టాండ్ దగ్గర ఫోన్లు పట్టుకుని నిలబడ్డవాళ్లు కనిపించారు. ఒకరికొకరు తెలియదు. కన్నడ, తెలుగు, తమిళం, హిందీ అన్నీ వినిపిస్తున్నాయి. కడప నుంచి వచ్చిన ఒకతను నా గొడుగు కిందికి వచ్చాడు. ఇప్పటికీ నా దగ్గరి స్నేహితుడు. డిసెంబర్‌లో అధికారికంగా వచ్చేసరికి మా గుంపులో సగంమంది మానేశారు. తేదీ కాగితం మీద డిసెంబరే. మా నగరం ఆడింది మాత్రం జులైలో.


అనంతపురం_అబ్బాయి | ఆదివారం ఉదయం 9:02

పీసీలో ఆడేవాళ్ల ఎదురుచూపు కూడా రాయాల. జీటీఏ 5 కన్సోల్‌కి 2013 సెప్టెంబర్ 17, పీసీకి 2015 ఏప్రిల్ 14. పందొమ్మిది నెలలు. ఆరోది కూడా పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్‌లకే అని ప్రకటించినారు. ఇది దేశాల మధ్య తేడా కాదు గానీ, మన దగ్గర ఎక్కువమందికి ఇంట్లో ఉండేది చదువుకి, పనికి కొన్న కంప్యూటరే. కాబట్టి దెబ్బ మనకే గట్టిగా తగుల్తాది.


పార్క్‌టౌన్_బాబాయ్ | ఆదివారం ఉదయం 9:40

రవీ, నేను అడిగినదానికి జవాబు చెప్పలేదు. ఆ డిస్క్ ఉందా?


నెల్లూరు_రవి | ఆదివారం సాయంత్రం 6:10

బాబాయ్, ఉంది. పొద్దున అమ్మకి ఫోన్ చేశాను. బీరువాలో పై అరలో, మా పదో తరగతి సర్టిఫికెట్ల ఫైలు కింద దొరికింది. వీడియో కాల్‌లో చూపించింది. డబ్బా మీద ధర స్టిక్కర్ అలాగే ఉంది. డిస్క్ మీద ఒక్క గీత లేదు, ఆడితే కదా గీతలు పడేది.

సౌజన్య గారూ, మీరు రాసింది తమ్ముడికి చదివి వినిపించాను. 'ఎవరో కూర్చుని తీసుకునే నిర్ణయం' అన్న చోట వాడు, 'అయితే మనం కూడా ఒకటి తీసుకుందాం' అన్నాడు. ఇకమీదట ఎవరికి ముందొచ్చినా రెండోవాడికి వచ్చేదాకా మొదలుపెట్టం. ఒకే క్షణం పెట్టిన గేములైతే ఇద్దరి టైమూ రాసుకుని సెలవు పెట్టుకుంటాం.


పార్క్‌టౌన్_బాబాయ్ | ఆదివారం సాయంత్రం 6:45

నా దగ్గర అమెరికా పీఎస్2 స్లిమ్ ఉంది, ఇక్కడి కరెంటుకి పనికొచ్చే అడాప్టర్‌తో. నెలకోసారి తీసి నడుపుతాను, లెన్స్ ఇంకా బాగానే చదువుతోంది. ఇప్పటి టీవీలు చాలావరకు ఎన్టీఎస్సీని కూడా తీసుకుంటాయి, రంగు గురించి బెంగ లేదు. మా అమ్మాయి బానసవాడిలో ఉంటుంది. సంక్రాంతి తర్వాత వారం నేను అక్కడే ఉంటాను. మీ తమ్ముడు ఎప్పుడొస్తాడు?


నెల్లూరు_రవి | ఆదివారం రాత్రి 7:20

జనవరి 10న దిగుతాడు బాబాయ్. పండక్కి నెల్లూరు వెళ్లి, 18న ఇద్దరం బెంగళూరు వస్తాం. డిస్క్ నేను చేతి సంచిలో పెట్టుకుని తెస్తాను, లగేజీలో వెయ్యను. మెమరీ కార్డు మా పాతదే ఉంది. అది పనిచేస్తుందా?


పార్క్‌టౌన్_బాబాయ్ | ఆదివారం రాత్రి 7:31

పనిచేస్తుంది. కార్డుకి ఆ తాళం లేదు. తీసుకురా.